పిల్లికి మరొక యిల్లు

నాలుగేండ్లు మా యింట పెరిగిన మల్లి యను తెల్లపిల్లిని, గత కార్తికమాసమున, రాజమహేంద్రవరమునుండి కోనసీమలోని మా మేనత్త యింటికి చేర్చి వచ్చితిమి. పెంచిన ప్రాణిని పరులపాలు చేయుటకు మనసెట్లొప్పినదని అడిగినవారు పలువురు. వారికంటె ముందు ఎన్నో రాత్రులు నన్ను నేనే అట్లడుగుకొంటిని.

పెద్దమ్మాయి పురిటికి వచ్చునంతవరకు మాది సందడి యెరుగని యిల్లు. పిదప ఉయ్యాల వెలసినది. చూడవచ్చు చుట్టములతో వీథితలుపు మూయు పనియే లేకపోయినది. పెద్ద మనుమడు ముద్దుపడి ఒక కుక్కపిల్లను తెచ్చుకొన్నాడు. మల్లి మొదట బీరువా మీదికిని, పిమ్మట అటక మీదికిని చేరి, పగలెల్ల అక్కడనే ముడుచుకొని, ఇల్లు సద్దుమణిగిన అర్ధరాత్రమున మాత్రము దిగివచ్చి రెండు ముద్దలు తిని మరల ఎక్కిపోవుచుండెడిది. ఒకనాడది పక్కబొంత తడిపినందుకు చేయెత్తి కసరితిని. ఆ కసురు నేటికిని నన్ను ముల్లువలె గుచ్చుచున్నది.

పిల్లి తలుపుచెక్కకును, మంచపుకోడునకును చెక్కిలి రాయుట ఊరక గారాబము కాదు. దాని చెక్కిళ్ళయందును గడ్డము క్రిందను గల గ్రంథులనుండి మన ముక్కున కందని వాసన యొకటి ఆ వస్తువుల కంటుకొనును. ఆ వాసన యున్నంత మేర అది తన చోటు, అక్కడ దానికి భయము లేదు. పసిబిడ్డ యున్నదని మేము పూటపూటకు ఫినాయిలుతో గచ్చు కడిగి, తలుపులు తుడిచి, దుప్పట్లు ఉడికించుచుండగా, ఆ మూగప్రాణి తన యింటిని దినదినమును పోగొట్టుకొనుచుండెనని మాకు తోచలేదు. తీరా ఒకనాడు ఒడిలోనికి తీసికొని చూచితినిగదా, కడుపుక్రింద అరచేయంత మేర బొచ్చు లేక గులాబివన్నె చర్మము బయటపడి యున్నది. అది చర్మరోగము కాదనియు, బెదురుచేత నాకి నాకి తానే ఊడదీసికొనుచున్నదనియు పశువైద్యుడు చెప్పినాడు.

కుక్క మనిషిని నమ్మును, పిల్లి యింటిని నమ్మునని లోకులు పిల్లిని చిన్నచూపు చూతురు. ఇంటిని నమ్ముకొనుట తక్కువ ప్రేమయని నేనొప్పుకొనలేను. పొలము విడువలేని రైతును కృతఘ్నుడని ఎవరందురు? పిల్లి తన పిల్లల నేడిళ్ళు త్రిప్పునను సామెతలోనైనను చపలత్వమును గాక తల్లి జాగ్రత్తనే చూడవలెను. అలికిడి యైన తావు విడిచి, కూనను మెడపట్టి, పదిలమైన మూలకు మోసికొనిపోవుట దాని వాత్సల్యము. శ్రీవైష్ణవులలో ఒక శాఖవారు శరణాగతిని మార్జాల కిశోర న్యాయమని చెప్పుట ఈ మోతను చూచియే. మల్లికి తల్లి లేదు, మోయవలసినది మేమే.

మేనత్తది కాలువగట్టున పెంకుటిల్లు. ఆమెయు, ఒక ఆవును తప్ప వేరు సందడి లేదు. మల్లి పండుకొను పాతచీర ముక్కను ఉతుకకుండ బుట్టలో పరచి, మూతకు త్రాడు కట్టి, బస్సులో ఒడియందుంచుకొంటిని. రావులపాలెము వంతెనమీద గౌతమి దాటునంతసేపును అది అరవలేదు. బుట్టలోనికి దూర్చిన నా వ్రేలిని ముక్కుతో ఆనించుకొని యుండెను.

మూడు వారములు ఒక్క గదిలోనే యుంచవలెనని మరీమరీ చెప్పి వచ్చితిని. క్రొత్తచోట వెంటనే విడిచిన పిల్లి పాతయింటిని వెదకుచు త్రోవ తప్పును. రెండు దినములు ఏమియు ముట్టలేదని కబురు రాగా మా యింట ఎవరికిని అన్నము సహింపలేదు. తిండి మానిన పిల్లికి కొలది దినములలోనే కాలేయము చెడునని వైద్యుడు హెచ్చరించి యుండెను. మూడవనాటి వేకువను మేనత్త ఫోను చేసి, "తిన్నదిరా అబ్బాయీ! చేపముక్క మిగల్చకుండా గిన్నె నాకేసింది" అన్నప్పుడు నా కంఠమునుండి మాట వెడలలేదు.

సంక్రాంతికి వెళ్ళితిని. కడుపున బొచ్చు వచ్చినది. మల్లి నన్ను గుర్తించి, తోక నిలువున నెత్తి, రెండడుగులు నా వంకకు వచ్చినది. మరల వెనుదిరిగి, పండుగకు పసుపు పూసిన ద్వారబంధమునకు చెక్కిలి నానించి మెల్లగా రాచినది. తెల్లని ఆ చెక్కిలికి పచ్చని పసుపంటుకొన్నది.