తల వంచుకుని కుట్టిన బొంత



ఇంతవరకు మీకు రక్తపోటు గురించి, మధుమేహం గురించి, మోకాళ్ల నొప్పుల గురించి రాస్తూ వచ్చాను. ఈసారి బొంత గురించి రాస్తున్నాను. వైద్యురాలికి బొంతతో ఏమి పని అని మీరు అనుకోవచ్చు. డెబ్బై నాలుగేళ్ల వయసులో నా దినచర్యలో సగభాగం దానిదే. అది నాకు ఇచ్చిన సంతోషం చెప్పాలి. దాని మీద తల వంచుకుని కూర్చున్నందువల్ల నా కంటబడకుండా పోయినదేమిటో కూడా చెప్పాలి. నాకు రెండవదే ముఖ్యం, కానీ మొదటిది చెప్పకుండా అది అర్థం కాదు.

నా బాల్యం తెనాలి దగ్గర ఒక పల్లెలో గడిచింది. ఎండాకాలం మధ్యాహ్నాలు, పొలం పనులు లేని రోజుల్లో, మా అమ్మమ్మ వసారాలో పాత చీరలు పరిచేది. కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడిన నేత చీరలే అందుకు పనికివస్తాయి. కొత్త బట్టకు గంజి బిగువు ఉంటుంది, అది ఒంటికి ఒదగదు. మాసినా కనబడదని ముదురు రంగు చీర అడుగున వేసేది. దాని మీద చిరుగులు పడ్డవి నాలుగైదు పొరలు, పైన కాస్త కళగా ఉన్నది. ముడతలు లేకుండా అరచేతితో దువ్వి, నాలుగు మూలలా పొత్రమో, రోకలో, దొరికిన బరువు పెట్టేది. పొరుగింటి ఆమె ఎదురుగా కూర్చుని రెండో అంచు నుంచి కుట్టుకొచ్చేది. జొన్నగింజంత కుట్లు, వరుస వెంట వరుస. బొంత పూర్తయ్యేసరికి ఆ ఇద్దరి మధ్య ఊళ్లోని సంగతులన్నీ పూర్తయ్యేవి. ఎవరింట పురుడు వచ్చినా అమ్మమ్మ కుట్టిన పొత్తిళ్ల బొంత ముందుగా చేరేది.

ఆ తరువాత నేను వైద్యవిద్యకు వెళ్లాను, ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రసూతి వైద్యురాలిగా ముప్పైమూడేళ్లు పనిచేశాను. ఆ ముప్పైమూడేళ్లూ నా చేతిలో సూది ఉంది, అయితే అది వంపు తిరిగిన సూది. పదవీ విరమణ చేసిన తరువాత నా చేతులకు పని లేకుండా పోయింది. చేతులకు పని లేకపోవడం ఎంత కష్టమో శస్త్రచికిత్సలు చేసినవారికి తెలుస్తుంది. అమ్మ పోయాక ఆమె పెట్టెలో మిగిలిన మంగళగిరి చీరలు ఏం చేయాలో తోచక ఒకరోజు నేల మీద పరిచాను. అలా మొదలైంది.

మొదట రోజుకు అరగంట. ఏడాది తిరిగేసరికి నాలుగు గంటలు, కొన్ని రోజుల్లో ఆరు. ఆ మధ్య నేను కుట్టుకు కూర్చోవడం వల్ల నా ఒంటికి వచ్చినవి వైద్యురాలిగా మీకు చెప్పాలి. నేల మీద వంగి కూర్చున్నందువల్ల మెడ పట్టేసింది. బొటనవేలి మొదలు దగ్గర కీలు వాచి నొప్పి పుట్టింది, సూదిని గట్టిగా చిటికెతో పట్టేవారికి ఇది సాధారణం. ఏకాగ్రతగా చూసేటప్పుడు రెప్పలు తక్కువగా కొడతాము, అందువల్ల కళ్లు పొడిబారి మండాయి. మీలో ఎవరైనా కుట్టు, అల్లిక, మగ్గం పని చేసేవారుంటే అరగంటకొకసారి లేవండి. పనిని బల్ల మీదికి, వెలుగు ఎడమ పక్కకు తెచ్చుకోండి. మధుమేహం ఉన్నవారు వేలికి తొడుగు లేకుండా కుట్టవద్దు. ఇవన్నీ నేను ఇతరులకు చెప్పి, నేను పాటించనివి.

ఇక ఇంటి సంగతి. రాజమండ్రిలో మా ఆడపడుచు మనవరాలి పెళ్లికి రెండు రోజుల ముందు రమ్మన్నారు, బొంత అంచు మిగిలిందని ముహూర్తానికి మాత్రం వెళ్లి వచ్చాను. కాశీ వెళదామని మావారు మూడేళ్లు అడిగారు. "ఇది పూర్తి కానివ్వండి" అన్నాను మూడేళ్లూ. ఒకటి పూర్తయితే రెండవది మొదలవుతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మావారు ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయులు. మనుషులను నొప్పించే మాట ఆయన నోట రాదు. మా బంధువుల్లో ఒకరు మమ్మల్ని చూసి "గంతకు తగ్గ బొంత" అని నవ్వితే, ఆయనే ఎక్కువగా నవ్వారు.

పైగా నా పనికి సాయం చేసేవారు. శుక్లాల ఆపరేషన్ అయిన తరువాత నాకు దూరం బాగా కనబడుతుంది గాని సూది బెజ్జం కనబడదు. ఆయనకు చిన్నప్పటి నుంచి హ్రస్వదృష్టి. అలాంటివారు కళ్లద్దాలు తీసేస్తే దగ్గరి వస్తువులు ముసలితనంలో కూడా చక్కగా కనబడతాయి. ప్రతి ఉదయం కాఫీ తాగగానే అద్దాలు నుదుటి మీదికి తోసి, ఇరవై సూదులకు దారం ఎక్కించి, చిన్న మెత్తకు గుచ్చి నా పక్కన పెట్టేవారు. ఆ రోజుకు నాకు అవి సరిపోయేవి.

హ్యూస్టన్‌లో ఉన్న మా అబ్బాయి రమ్మంటే ఐదేళ్ల క్రితం వెళ్లాము. పెద్ద బొంతను విమానంలో తీసుకువెళ్లలేను కదా. అందుకని దానిని జానెడు జానెడు చదరాలుగా విడగొట్టి కుట్టడం నేర్చుకున్నాను. ముప్పై చదరాలు చేతిసంచిలో పడతాయి, ఇంటికి వచ్చాక అతుక్కోవచ్చు. కత్తెర మాత్రం పెద్ద పెట్టెలో వేయాలి. దూర విమాన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే కాలి సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గంటకొకసారి లేచి నడవాలి, కూర్చున్నప్పుడు మడమలు ఎత్తి దించుతూ పిక్కలను కదిలించాలి, నీళ్లు తాగాలి. నేను చదరాలు కుట్టుకుంటూ కూర్చుండిపోయాను. మావారు నాలుగుసార్లు లేపితే రెండుసార్లు లేచాను.

హ్యూస్టన్‌లో ఏటా శరదృతువులో అంతర్జాతీయ క్విల్ట్ ఉత్సవం జరుగుతుంది. క్విల్ట్ అంటే వారి బొంతే. అబ్బాయి మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్లాడు. ఆ విశాలమైన భవనంలో వరుసలు వరుసలుగా వేలాడదీసిన బొంతలు చూసి నేను చిన్నపిల్లనైపోయాను. అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే మారుమూల ఊరి నల్లజాతి స్త్రీలు కుట్టిన బొంతల పుస్తకం ఒకటి అబ్బాయి కొనిపెట్టాడు. పొలంలో వేసుకుని చిరిగిన ప్యాంట్లు, చొక్కాలు, పిండి సంచుల గుడ్డలు అతికి, చలికి కప్పుకోవడానికి కుట్టుకున్నవి అవి. 2002లో వాటిని హ్యూస్టన్ కళామందిరంలో గోడలకు అలంకరించి ప్రదర్శించారు. అమ్మమ్మ వసారా నా కళ్ల ముందు మెదిలింది.

ఆ రోజు మావారు నాతో నడవలేకపోయారు. వెనుకబడ్డారు, చివరికి ఒక బల్ల మీద కూర్చున్నారు. నాకు విసుగు కలిగింది. "కాశీ అయితే పరుగెత్తుకు వచ్చేవారు" అని కూడా అన్నాను.

తిరిగి వచ్చాక మెత్తకు గుచ్చిన సూదులు ఇరవై నుంచి పదిహేనుకు, పదికి తగ్గాయి. నా పిచ్చి ఆయనకు విసుగు తెప్పించిందనుకున్నాను. నేను పని చేసుకుంటున్న గదిలో కూర్చుని కూడా ఏదో గొణిగినట్టు మాట్లాడేవారు. అలిగారనుకున్నాను. రాత్రి నిద్రలో కేకవేసి చేతులు విసిరేవారు. ఒకసారి నా భుజానికి దెబ్బ తగిలితే, బొంతలు పేర్చి పెట్టిన పక్కగది మంచం మీదికి నా పడక మార్చుకున్నాను. పొయ్యి మీద పాలు పొంగి మాడుతున్నా వంటింటి పక్కనే ఉన్న ఆయనకు తెలియలేదు, పరధ్యానమన్నాను. పాల లెక్క పుస్తకంలో ఆయన అంకెలు నెలనెలకు చిన్నవి అవుతూ వచ్చాయి. నల్లబల్ల మీద చివరి వరుస పిల్లవాడికి కూడా కనబడేలా రాసిన చేయి అది. ఆ పుస్తకం నేను ప్రతి నెలా చూసి డబ్బు ఇచ్చాను. మీలో వైద్యం తెలిసినవారు ఈపాటికి గ్రహించే ఉంటారు.

గ్రహించింది మా మనవరాలు. తొమ్మిదేళ్ల పిల్ల, సెలవులకు వచ్చింది. నేను కుడుతుండగా వచ్చి, "నానమ్మా, తాతయ్య చేయి ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది, బంతి ఇస్తే ఆగిపోతుంది, ఎందుకు?" అని అడిగింది. బొటనవేలు, చూపుడు వేలు రాపాడిస్తూ చేసి చూపించింది, గోళీ చుడుతున్నట్టు. నా సూది చేతిలోనే ఆగిపోయింది. వైద్య విద్యార్థులు పాఠ్యగ్రంథంలో చదివి పరీక్షలో చెప్పే లక్షణాన్ని ఆ పిల్ల అంత స్పష్టంగా చెప్పింది. ఆ రాత్రి హ్యూస్టన్‌లో అబ్బాయి తీసిన వీడియో మళ్లీ చూశాను. బొంతల వరుసల మధ్య మావారు నడిచి వస్తున్నారు. ఎడమ చేయి ఊగుతోంది, కుడి చేయి ఒంటికి అంటుకుని ఉంది. ఆ వీడియో నేను అంతకు ముందు పదిసార్లు చూసి ఉంటాను, వెనుకనున్న బొంతల కోసం.

విజయవాడలో నరాల వైద్యులు ఆయనను నడిపించి, వేళ్లు ఆడించమని, మణికట్టు వంచి చూసి పార్కిన్సన్ వ్యాధి అని నిర్ధారించారు. దీనిని ప్రధానంగా ఇలా పరీక్షించే గుర్తిస్తారు, రక్తపరీక్షతో తేలేది కాదు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే ఆంగ్ల వైద్యుడు దీనిని వర్ణించాడు. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల ఇది వస్తుంది. వణుకు కనబడే సమయానికి ఆ కణాలలో చాలా భాగం పోయి ఉంటాయి. అందుకే వణుకు కోసం ఎదురుచూడవద్దు. వాసన తెలియకపోవడం, విడవని మలబద్ధకం, కలలో జరిగేదానికి తగినట్టు చేతులు కాళ్లు విసరడం కొందరిలో ఏళ్ల ముందే మొదలవుతాయి. తరువాత చేతిరాత చిన్నదవుతుంది, గొంతు తగ్గుతుంది, ముఖంలో భావాలు తగ్గుతాయి, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి సమయం పడుతుంది, నడకలో ఒక చేయి ఊగదు. వీటిలో ఒక్కటి కనబడగానే భయపడనవసరం లేదు, రెండు మూడు కలిసి కనబడితే వైద్యునికి చూపించండి.

వణికే ప్రతి చేయీ పార్కిన్సన్ కాదు. కాఫీ గ్లాసు ఎత్తినప్పుడు వణికి, ఒడిలో పెట్టుకుంటే ఆగేది సాధారణంగా వేరే రకం. థైరాయిడ్ ఎక్కువైనా వణుకు వస్తుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ వంటి కొన్ని మందులు ఎక్కువకాలం వాడినా ఈ వ్యాధి లక్షణాలు కనబడవచ్చు. వాడుతున్న మందుల చీటీలన్నీ వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లండి. లెవోడోపా ప్రధానమైన మందు. పప్పు, గుడ్డు, మాంసం వంటి మాంసకృత్తుల భోజనంతో కలిపి వేసుకుంటే అది సరిగా పీల్చుకోబడదు, కనుక భోజనానికి అరగంట ముందైనా వేసుకోవడం మంచిది. దూలగొండి గింజలలో లెవోడోపా సహజంగా ఉన్న మాట నిజమే. ఆ కారణంగానే చెబుతున్నాను, మాత్రలు వాడుతూ ఎవరో చెప్పారని దాని పొడి కూడా తినవద్దు, మోతాదు మించిపోతుంది.

ముందే గుర్తిస్తే ఏమయ్యేది? దీని గమనాన్ని ఆపే మందు ఇప్పటికైతే లేదు, కనుక వ్యాధి విషయంలో పెద్ద తేడా ఉండేది కాదేమో. కానీ రెండేళ్లు ఆయన కదలికలు మందగించినందుకు నేను కసురుకున్నాను. ఆయన కూడా తనలో ఏదో లోపం ఉందనుకుని మాట్లాడకుండా మోశారు. ఆ రెండేళ్లు మందు వేసుకుని హాయిగా కాశీ వెళ్లి రావలసినవి.

నేను బొంతలన్నీ కట్టి అటక మీద పెట్టించాను. రెండు నెలలు సూది ముట్టలేదు. ఒకనాడు ఆయనే పక్కింటి కుర్రాడి చేత మూట దింపించి, "నువ్వు కుట్టడం మానేస్తే నా చేయి వణకడం మానుతుందా? నువ్వు ఖాళీగా నా వంకే చూస్తూ కూర్చుంటే నాకు భయంగా ఉంది" అన్నారు. నాకు జవాబు తోచలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఏర్పాటు ఇది. నా ఎదురుగా ఆయన కుర్చీ ఉంటుంది, కుట్టుకునే బల్ల ఆ వైపుకు తిప్పించాను. అరగంటకు గంట మోగుతుంది, ఇద్దరం లేచి డాబా మీద పది చుట్లు నడుస్తాము. ఈ వ్యాధికి వ్యాయామం మందుతో సమానంగా అవసరం. చదరాలకు రంగులు కూర్చేది ఆయనే, లెక్కల మాస్టారు కనుక నాకంటే చక్కగా అమర్చుతారు. పోయిన శీతాకాలంలో కాశీ వెళ్లి వచ్చాము. రైలులో వెళ్లాము, మాత్రల వేళలు చీటీ మీద రాసుకుని, కింది బెర్తులు తీసుకుని. చదరాలు నాలుగే తీసుకువెళ్లాను. ఘాట్ మెట్లు ఆయన దిగలేరని పడవ తీసుకున్నాము.

మాత్ర వేసుకున్న గంటకు చేయి కాస్త స్వాధీనంలోకి వస్తుంది. అప్పుడు అద్దాలు నుదుటి మీదికి తోసి సూదులు అడుగుతారు. ఎన్నింటికి దారం ఎక్కిందో, ఎన్ని గంటలకో పాల లెక్క పుస్తకంలోనే ఒక పక్క రాస్తున్నాను. మందు ఎప్పుడు పనిచేస్తోంది, ఎప్పుడు దాని ప్రభావం తగ్గిపోతోంది అని చూడడానికి నరాల వైద్యులు పోయినసారి ఆ పుస్తకమే అడిగి తీసుకున్నారు. సోమవారం ఆరు, మంగళవారం మూడు. ఈ ఉదయం ఏడు సూదులకు ఎక్కించి, ఎనిమిదవది నా చేతికిచ్చి, "ఇది నువ్వు ప్రయత్నించు" అన్నారు. నాకు బెజ్జం కనబడలేదు. సాయంత్రం మాత్ర వేసుకున్నాక చూద్దామని మెత్తకు గుచ్చి పెట్టాను.