పూజగదిలో పుట్టిన బిడ్డ

ఐరాల వైపు పాత మిద్దె ఇల్లు పడగొడుతుంటే నాకు కాళ్లు ముందుకు పడవు. దూలాలు లారీ ఎక్కుతాయి, తిన్నె రాళ్లు ఎవరి పునాదిలోకో పోతాయి. ఆ ఇంట్లో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో చెప్పేవాళ్లుండరు.

అప్పుడల్లా మదనపల్లె ఇల్లే మనసులో మెదులుతుంది. రెవెన్యూ శాఖలో పనిచేసే జిడ్డు నారాయణయ్య, సంజీవమ్మల ఇల్లు. ఆనాటి ఆచారాన్ని పక్కనపెట్టి, ఆ తల్లి పూజగదినే పురిటిగది చేసుకుంది. 1895 మే నెలలో అక్కడే ఎనిమిదో బిడ్డ పుట్టాడు. దేవకి ఎనిమిదో బిడ్డ పేరే పెట్టారు, కృష్ణమూర్తి. ఎంత ధైర్యం ఆమెది! లోకం తత్వవేత్త అయిన కొడుకును తలుచుకుంటుంది, నాకు మాత్రం ఆ గడప అనగానే సంజీవమ్మే గుర్తొస్తుంది.

1905లో ఆమె పోయింది. 1909లో నారాయణయ్య పిల్లలతో మద్రాసు అడయారు చేరాడు. కొడుకులను తిరిగి తెచ్చుకోవడానికి, వాళ్లను పెంచుతున్న దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలు అనీబిసెంట్‌పై దావా వేసి మద్రాసులో గెలిచాడు. 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసింది. జగద్గురువు కావాలని పెంచిన ఆ బిడ్డ 1929లో, తన కోసం కట్టిన సంఘాన్ని తానే రద్దు చేశాడు.

ఆ పుట్టుక పుస్తకాలకెక్కింది కాబట్టి మనకు తెలిసింది. మన ఇళ్ల సంగతి ఎవరు రాస్తారు? మిద్దె కూల్చే ముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి, ఏ గదిలో ఎవరు పుట్టారో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి.