పొనికి ఉంటేనే నిర్మల్ బొమ్మ!

బుట్టలో నిగనిగలాడే మామిడిపండు, పగిలీ పగలని సీతాఫలం, పక్కనే ముచ్చికతో సహా వంకాయ... చూడగానే చేయి ముందుకెళుతుంది. తీరా అందుకుంటే, బరువే లేదు! అది పండు కాదు, కర్ర. నిర్మల్ బొమ్మ.

హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ దారిలో సుమారు 200 కిలోమీటర్లు వెళ్లి, సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్ వస్తుంది. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోని పట్టణం. 2016 అక్టోబరు నుంచి అదే ఒక జిల్లా. ఊరి చుట్టూ పాతకాలపు కోట గోడలు, బురుజులు కనిపిస్తాయి. ఇక్కడ ఫిరంగులు పోతపోసేవారు. అయితే ఫిరంగుల మోత ఎప్పుడో ఆగిపోయింది. ఉలి చప్పుడు మాత్రం ఇంకా వినిపిస్తోంది.

17వ శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని పాలించిన నిమ్మనాయుడు కళాకారులను పిలిపించి ఊళ్లో స్థిరపరిచాడని చెబుతారు. నకాషీలుగా పేరుపొందిన ఆ కుటుంబాల వారసత్వమే నేటి బొమ్మలు. 1955లో ఏర్పడిన సహకార సంఘం వాళ్లను ఒక గొడుగు కిందికి తెచ్చింది. 2008-09లో నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ప్రాణం పోసేదిలా...

బొమ్మకు మూలం పొనికి కర్ర. తేలిక, మెత్తన. ఉలి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, పెళుసుగా విరగదు. ముందుగా కర్రను బాగా ఆరబెడతారు. జింక బొమ్మ అయితే ఒళ్లు, కాళ్లు, కొమ్ములు, చెవులు అన్నీ విడివిడిగా చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముద్ద చేసి, దాంతో అతికిస్తారు. అతుకు ఎక్కడుందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు! ఎండాక గరుకు కాగితంతో రుద్ది, సుద్ద పూసి, ఆపైన రంగులు వేస్తారు. పూర్వం ఆకుల పసర్లు, రంగురాళ్ల నుంచే రంగులు తీసేవారు. ఇప్పుడు ఎక్కువగా బజారు రంగులే వాడుతున్నారు.

కొండపల్లి బొమ్మకూ ఇదే కర్ర. కాకపోతే అక్కడ దశావతారాలు, అంబారీ ఏనుగు, పల్లె జీవితం ఎక్కువ. నిర్మల్ చేతికి పండ్లు, కూరగాయలు, పక్షులు, జంతువులు బాగా అలవాటు. అచ్చం అసలుదానిలా ఉండటమే దీని గొప్ప.

అడవి ఇవ్వాలి...

అసలు చిక్కు ఇక్కడే ఉంది. టేకుకు పేరుమోసిన అడవుల మధ్య ఉంటూ పొనికి కోసం వెతుక్కోవాల్సి వస్తోంది! టేకు గట్టిది, బరువైనది. ఈ పనికి ఒదగదు. పొనికేమో తరిగిపోతోంది. దాని గింజకు పెంకు గట్టి, ఓ పట్టాన మొలకెత్తదు. నరికిన చెట్టు స్థానంలో మరొకటి ఎదిగి, కర్ర చేతికి రావాలంటే ఏళ్లు ఆగాలి.

పొరుగున ఉన్న కరీంనగర్ వెండితీగ పనికి ప్రసిద్ధి. వెండి ఖరీదైనదే, కానీ బజారులో దొరుకుతుంది. నిర్మల్ కళాకారుడికి కావలసిన కర్ర చవకైనదే, కానీ దాన్ని అడవే ఇవ్వాలి. కర్ర దొరక్కపోతే చేతిలో ఎంత పనితనం ఉన్నా ఏం లాభం? పైగా రంగురంగుల ప్లాస్టిక్ బొమ్మలతో పోటీ ఉండనే ఉంది. చెక్కి, అతికి, ఆరబెట్టి, రంగులద్దే బొమ్మ ఆ ధరకు ఎలా వస్తుంది?

బాసర సరస్వతీదేవి దర్శనానికో, కుంటాల జలపాతం చూడటానికో వెళ్లేవారు నిర్మల్‌లో ఓ గంట ఆగితే చాలు, ఆ పనితనం కళ్లారా చూడవచ్చు. ఓ మామిడిపండు ఇంటికీ తెచ్చుకోవచ్చు. అది ఎన్నేళ్లయినా వాడదు. కానీ రేపటి పిల్లలకూ అలాంటి పండు దొరకాలంటే మాత్రం ఈరోజే ఓ పొనికి మొక్క నాటాలి.