తుంబురుడి చేతిలో ఏ వీణ?

లేపాక్షి గుడికొచ్చేవాళ్ళు ముందు వెతికేది వేలాడే స్తంభాన్ని. కండువానో చున్నీనో ఒక పక్క నుంచి కిందికి తోసి, ఇంకో పక్క నుంచి లాగి, ఫోటో దిగి, ఏకశిలా నంది వైపు నడుస్తారు. మేం వెళ్ళిన ఆదివారం ఆ స్తంభం దగ్గర క్యూ కూడా ఉంది. అదే మండపం నడిమిలో అంతకన్నా పెద్ద వింత నిలబడి ఉన్నా తల తిప్పి చూసేవాళ్ళు తక్కువ. రంభ ఆడుతోంది. బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు, నంది హుడుక్క వాయిస్తున్నాడు. తుంబురుడి చేతిలో వీణ. మూడు కాళ్ళ భృంగి ఆట నేర్పుతున్నాడు. నడి స్తంభాలన్నీ కలిసి ఒక మేళం. అక్కడ నిలబడితే మనం ఆ కచేరీ మధ్యలో ఉన్నట్టే.

నాతో వచ్చింది మా పిన్ని. హిందూపురంలో ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు వీణ నేర్పి, ఇప్పుడు మోకాళ్ళ నొప్పితో మానేసింది. తుంబురుడి ముందు కళ్ళద్దాలు సరిచేసుకుని చాలాసేపు చూసింది.

"ఏమిరా, ఈయప్ప నిలబడి వాయిస్తాండాడే! నా వీణ ఎత్తుకోని నిలబడమను చూద్దాం."

నేను రాసుకోవాలనుకున్నది కూడా అదే. ఇప్పటి వీణ కుండ నేల మీద ఆనాలి, సొరకాయ బుర్ర ఎడమ తొడ మీద కూర్చోవాలి, వాయించే మనిషి బాసిపట్లు వేసుకోవాలి. నిలబడి వాయించే పనే లేదు. ఈ గుడి కట్టిన కాలపు శిల్పాల్లో తరచూ కనిపించే వీణ వేరు: ఒక దండె, దానికి తగిలించిన సొరకాయ బుర్రలు, మెట్లు, తీగలు. తేలిక కాబట్టి ఛాతీకి అడ్డంగా పట్టుకుని నడుస్తూ కూడా వాయించుకోవచ్చు. పనస దుంగను తొలిచి కుండా దండీ చేసిన వీణ తర్వాత కుదురుకుంది. వేదకాలం నుంచీ ఒకటే వీణ అని సభల్లో చెప్పే పెద్దలు ఈ మండపంలో ఒక పూట కూర్చుంటే మంచిది.

ఈ వెతుకులాట మొదలైంది బెంగళూరులో. అక్కడ ఒక చిన్న హాల్లో యూరప్ నుంచి వచ్చిన ఇద్దరి కచేరీ విన్నాను. ఒకరిది లూట్, ఇంకొకరిది చెక్క ఫ్లూటు. పదహారో శతాబ్దం నుంచి పద్ధెనిమిదో శతాబ్దం దాకా ఏ కాలపు పాటకు ఆ కాలపు వాద్యం. ఇంతా చేసి లూట్ అక్కడ కూడా తెగిపోయిన సంప్రదాయమే. పద్ధెనిమిదో శతాబ్దం ముగిసేసరికి దాన్ని ముట్టుకునేవాళ్ళు లేకుండా పోయారు. ఆర్నల్డ్ డాల్మెచ్ లాంటివాళ్ళు మ్యూజియంలలో మిగిలిన వాద్యాలను కొలిచి కొత్తవి చేశారు. ఆయన తన మొదటి లూట్ చేసింది 1893లో. ఫ్లూటు సంగతీ అంతే: 1847లో బోహ్మ్ మీటల లోహపు ఫ్లూటు తెచ్చాక పాత చెక్క ఫ్లూటు అటకెక్కింది. నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక చిన్న పని. లూట్ మెడకు మెట్లుగా కట్టినవి పేగు తాళ్ళు. ఒక పాట అయ్యాక ఇంకో పాటకు ముందు ఆ కళాకారుడు వాటిని వేలితో కాస్త కాస్త జరుపుకున్నాడు. పిన్నికి ఫోన్లో చెప్తే, "మా రామామాత్యుడు చెప్పింది అదే కదరా" అంది.

రామామాత్యుడి సంగీత గ్రంథం స్వరమేళకళానిధి 1550 నాటిది. అళియ రామరాయల ప్రోత్సాహంతో రాసింది. ఆ పుస్తకంలో మూడు వీణలున్నాయి: శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతరాజేంద్రమేళ వీణ. మూడోదానికి పేరిచ్చిన విజయనగర రాజు అచ్యుతదేవరాయలు ఏలింది 1529 నుంచి 1542 దాకా. ఆయన కాలంలోనే పెనుకొండ అధికారి విరూపణ్ణ, తమ్ముడు వీరణ్ణ కలిసి ఈ లేపాక్షి గుడి కట్టించారు. అంటే ఈ తుంబురుణ్ణి చెక్కిన ఉలికీ, ఆ వీణకు మెట్లు పెట్టిన చేతికీ మధ్య ఎడం పెద్దగా లేదు. రాజు పేరున్న వీణ పుస్తకంలో మిగిలింది, రాజు కాలపు వీణ రాతిలో మిగిలింది. కొయ్య వీణ మాత్రం ఒక్కటీ మిగల్లేదు. మ్యూజియంకెళ్ళి కొలుచుకునే వీలు మనకు లేదు.

మళ్ళీ మెట్ల దగ్గరికి వస్తాను, ఎందుకంటే అసలు కథంతా అక్కడుంది. రామామాత్యుడు ఒక్కో వీణనూ రెండు రకాలుగా విడదీశాడు. ఏకరాగమేళ వీణలో ఒక రాగానికి కావలసిన స్వరాల దగ్గరే మెట్లుంటాయి. రాగం మారిస్తే మెట్లు జరపాలి. సర్వరాగమేళ వీణలో అన్ని స్వరాలకూ మెట్లుంటాయి, ఏ రాగమైనా వాయించుకోవచ్చు. ఇప్పుడు మన ఇళ్ళలో ఉన్నది రెండో దారి ముదిరి పాకాన పడ్డ వీణ. స్థాయికి పన్నెండు చొప్పున ఇరవై నాలుగు మెట్లు, మైనంలో కదలకుండా పాతినవి. ఆ ఏర్పాటును పదిహేడో శతాబ్దపు తంజావూరులో రఘునాథ నాయకుడికీ, ఆయన మంత్రి గోవింద దీక్షితులకూ ముడిపెట్టి చెప్తారు. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు వచ్చింది. విద్వాంసులు మాత్రం ఎక్కువగా కావేరి ఒడ్డుకు దిగిపోయారు. కరువు సీమలో ఇంక పోషించేవాళ్ళెవరు? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే నేల ఇది. వేరుశనగ వేసి మేఘాల వంక చూసే ఊళ్ళు ఇవి. మండపం మిగిలింది, మేళం వలస పోయింది.

పిన్నికి ఇందులో ఇంకో లెక్క ఉంది. శుద్ధమేళ వీణ నాలుగు తీగల శ్రుతి కింది నుంచి స, ప, స, మ. ఇప్పటి వీణకు కింది నుంచి ప, స, ప, స. "ఆ కొస తీగ మధ్యమానికి కట్టినారంటే యాభై ఏండ్లు నేర్చిన వేళ్ళన్నీ దండగ. మళ్ళీ సరళీస్వరాల నుంచి మొదలు పెట్టాల," అని మండపంలోనే గాల్లో వేళ్ళు ఆడించి చూసుకుంది. ఆ పక్కనే సెల్ఫీ దిగుతున్న ఇద్దరు పిల్లలు ఆమెను వింతగా చూశారు.

పైకప్పు బొమ్మల్లో కథలు చాలా ఉన్నాయి, విరూపణ్ణ కళ్ళ కథ గోడ మీది ఎర్రటి మరకలతో సహా గైడు ఎటూ చెప్తాడు. నేను వాటి జోలికి పోను.

వేణువు సంగతి రాళ్ళకన్నా పుస్తకంలోనే నయంగా ఉంది. పదమూడో శతాబ్దంలో దేవగిరిలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరం వేణువులకు పేర్లు పెట్టింది ఊదే రంధ్రానికీ మొదటి వేలి రంధ్రానికీ ఉన్న దూరాన్ని బట్టి. అంగుళమైతే ఏకవీర, రెండైతే ఉమాపతి, మూడైతే త్రిపురుష, నాలుగైతే చతుర్ముఖ, ఐదైతే పంచవక్త్ర, ఆరైతే షణ్ముఖ. దేవుళ్ళ ముఖాల లెక్కతో అంగుళాలు గుర్తుపెట్టుకోవడం ఎంత తెలివైన పనో! వెదురు పనివాడికి కొలబద్ద అక్కర్లేదు, పురాణం తెలిస్తే చాలు. ఈ గ్రంథానికి విజయనగరంలోనే పదిహేనో శతాబ్దంలో కల్లినాథుడు వ్యాఖ్య రాశాడు. అంటే ఆ పేర్లు ఈ దేశపు ఆస్థానంలో వినబడ్డవే.

ఆస్థానమంటే పెద్ద సభలే అనుకోనక్కర్లేదు. అచ్యుతరాయల కాలంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్, అంతఃపురంలో పాడే ఆడవాళ్ళ గురించీ వాద్యాలు వాయించే ఆడవాళ్ళ గురించీ రాశాడు. లూట్ అయినా వీణ అయినా నలుగురు కూర్చున్న గదికి సరిపడే గొంతు. మైకు వచ్చాక మనం దాన్ని వెయ్యి మంది ముందు కూర్చోబెట్టాం. అక్కడే కొంత అన్యాయం జరిగిందని నా అనుమానం. పిన్ని ఒప్పుకోదు. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు మైకు ముందే వీణకు కొత్త గొంతు ఇచ్చారని ఆమె వాదన. అదీ నిజమే.

మరుసటి పొద్దున హిందూపురంలో కాఫీ తాగుతూ ఉండగా వీధిలో డమరుకం మోగింది. గొరవయ్య. నల్ల కంబళి అంగీ, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, నడుముకు భండారం సంచి, ఒక చేతిలో డమరుకం, రెండో చేతిలో పిల్లనగ్రోవి. మైలార లింగడి దీక్ష తీసుకున్న కురుబలు వీళ్ళు. మైలారం ఇప్పటి కర్ణాటకలో, తుంగభద్ర దిక్కున ఉంది. ఈ సరిహద్దు ఊళ్ళలో వాళ్ళ పాట సగం కన్నడం, సగం తెలుగు. పిన్ని చాటలో బియ్యం తెచ్చి పోసి, పొమ్మనకుండా అరుగు చూపించింది.

"కూచో తాతా. ఒకసారి ఊదు, విందాం."

"ఏం ఊదేదమ్మా? సామి పదమే వస్తుంది నాకు."

"అదే ఊదు."

ఆరు రంధ్రాల వెదురు. గాలి సగం పక్కకు పోతున్నా స్వరం నిలబడింది. పిన్ని లోపలికెళ్ళి బొబ్బిలి నుంచి తెప్పించుకున్న ఏకాండీ వీణ తెచ్చుకుని గుమ్మం లోపల కూర్చుంది. ముసలాయన షడ్జానికి సారణి సవరించుకుని వెంట వాయించబోయింది. మొదటి రెండు స్వరాలూ కలిశాయి. గాంధారం దగ్గర తేడా వచ్చింది. ఆయన గాంధారం పిన్ని వీణలో ఒక మెట్టుకు పైన, ఇంకో మెట్టుకు కింద. మైనంలో పాతిన మెట్టు జరగదు. చివరికి కింది మెట్టు మీద తీగను లాగి ఆ చోటు పట్టుకుంది. ముసలాయన కళ్ళు తెరిచి చూసి, "ఆఁ, ఇప్పుడు వచ్చెనమ్మా" అన్నాడు.

"ఈ గ్రోవి ఎవరు చేసిరి?" అని అడిగాను.

"నేనే. మా నాయన గ్రోవి పక్కన పెట్టుకోని కాల్చినా చిల్లులు. అది పగిలినాక ఇది. ఇది పగిల్తే దీన్ని చూసి ఇంకోటి."

బెంగళూరులో విన్న ఆ చెక్క ఫ్లూటు కూడా మ్యూజియంలోని పాతదాన్ని చూసి చేసిందే. తేడా ఒక్కటే, అక్కడ మధ్యలో చాలా ఏళ్ళ ఖాళీ ఉంది. ఇక్కడ ఖాళీ లేదు. అలాగని ఈ వెదురు అచ్యుతరాయల నాటి వెదురేనని నేను అనను. ఒక గ్రోవిని చూసి ఇంకోటి చేస్తూ పోతే ఎక్కడో ఒక చిల్లు కాస్త జరుగుతూనే ఉంటుంది. కానీ రాజులు మారినప్పుడల్లా మెట్లు మార్చుకున్న ఆస్థాన వాద్యంతో పోలిస్తే, మారమని ఎవరూ అడగని ఈ వాద్యం తక్కువ మారి ఉంటుందని నాకనిపిస్తుంది. అనంతపురం పీఠభూమిలో పాత వాద్యాల కచేరీ పెట్టాలంటే మొదటి పిలుపు అందాల్సింది వీణ విద్వాంసులకు కాదు, గొరవయ్యలకు. ఆ తర్వాత ఉరుములు వాయించేవాళ్ళకు.

సరే, వాద్యం దొరికిందే అనుకుందాం, పాట? అక్కడ ఈ సీమ మనిషి ఒకాయన ఎప్పుడో జవాబు చెప్పేశాడు. కంబదూరు దగ్గరి రాళ్ళపల్లిలో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) తిరుపతిలో అన్నమయ్య రాగిరేకుల మీద పనిచేశారు. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరుంది, పాడిన తీరు లేదు. శర్మగారు తన కాలపు రాగలక్షణంతో వరసలు కట్టి పాడుకోమన్నారు. యూరప్ పాత వాద్యాల వాళ్ళు ఇంత ధైర్యం చెయ్యరు. వాళ్ళ చేతిలో రాసిన స్వరం ఉంది, మన చేతిలో రాగం పేరు మాత్రమే ఉంది. అది కూడా నమ్మకమైన పేరు కాదు. రామామాత్యుడి ఇరవై మేళాల్లో మొదటిది ముఖారి. ఆ మేళం స్వరాలు చూస్తే ఇప్పటి కనకాంగి. ఇప్పుడు మనం పాడుకునే ముఖారి వేరే. పేరు నమ్ముకుని ఆ కాలపు పాట వాయించబోతే మొదటి అడుగులోనే తప్పిపోతాం.

ఆ మధ్యాహ్నం పిన్ని అటక మీది పాత వీణను దింపించింది. బిరడాలు వదులు, యాళి తల విరిగింది, మైనం ఎండి నెర్రెలు విచ్చింది. నేను బాగు చేయిస్తుందనుకున్నాను.

"బాగు చేసేది లేదురా. మెట్లన్నీ పీకేసి ఒక్క రాగానికే కట్టిస్తా. ఏకరాగమేళం."

"ఏ రాగానికి?"

"రామామాత్యుడి ముఖారికి."

"కనకాంగి స్వరాలు ఎవరు వింటారు పిన్నీ?"

"ఎవరూ వినక్కర్లా. నాకు వినాలనుంది."

కొస తీగను మధ్యమానికి కడతావా షడ్జానికా అని అడిగితే మాత్రం ఇంకా తేల్చుకోలేదంది. మేళం కట్టే మనిషి హిందూపురంలో ఇప్పుడు లేడు, బెంగళూరు నుంచి రావాలి. వీణ అంటే ఇరవై నాలుగు మెట్లూ ఉండాల్సిందేనని అతను ఫోన్లో వాదించాడు. వచ్చాక మాట్లాడుకుందాం, మైనం మాత్రం మరిచిపోకుండా తెమ్మని పిన్ని ఫోన్ పెట్టేసింది.