చాప్లిన్ చేతులు – మా అమ్మల చేతులు

ఒక ఆదివారం రాత్రి భోజనాలయ్యాక వార్డెన్ సార్ మా హాస్టల్‌లో చార్లీ చాప్లిన్ 'మోడరన్ టైమ్స్' సినిమా చూపించారు. అది 1936లో వచ్చింది. అప్పటికే మాటల సినిమాలు వచ్చి ఎనిమిదేళ్లు దాటినా, అందులో చాప్లిన్ మాట్లాడడు. "మాటలు లేని సినిమా ఏం చూస్తం" అని గొణిగిన మేమే పది నిమిషాల్లో కడుపులు పట్టుకుని నవ్వాం.

ఫ్యాక్టరీలో బెల్టు కదులుతుంటుంది. దానిపై వచ్చే నట్లు బిగించడమే చాప్లిన్ పని. గోక్కోవడానికి చెయ్యి తీసినా పని తప్పుతుంది. యజమాని గదిలో కూర్చుని వేగం పెంచమంటాడు. తిండికి పోయే సమయం కూడా కలిసిరావాలని, నోట్లో తిండి పెట్టే యంత్రాన్ని చాప్లిన్ మీదే పరీక్షిస్తారు. చివరకు బెల్టు ఆగినా అతని చేతులు ఆగవు. గాలిలోనే నట్లు బిగిస్తుంటాయి.

అప్పుడు మాలో ఒకడు "సార్, మా అమ్మ చేతులు గూడ నిద్రల గిట్లనే ఆడుతయి" అన్నాడు. అందరి నవ్వూ ఆగిపోయింది.

మాలో చాలామంది తల్లులు బీడీలు చేసేవారే. మెట్‌పల్లి, కోరుట్ల చుట్టుపక్కల ఏ అరుగు మీద చూసినా ఒళ్లో చాట, అందులో తునికాకు, తంబాకు, కత్తెర. అక్కడ బెల్టు లేదు, యజమానీ కనిపించడు. మరి వేగం పెంచేదెవరు? వెయ్యి బీడీల లెక్క. చెయ్యి ఆగితే కూలి ఆగుతుంది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం కార్ఖానాలో పనిగంటలకు హద్దు పెట్టింది. ఇంటి అరుగు మీద గంటలు లెక్కపెట్టేదెవరు?

సినిమాలో మూతపడ్డ ఫ్యాక్టరీ తెరుస్తున్నారని తెలిసి చాప్లిన్ గేటు వైపు పరుగెత్తుతాడు. అంత బాధపెట్టిన చోటికే ఎందుకని మేమెవరం అడగలేదు. 2015లో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డ సంగతి ఇళ్లల్లో విన్నవాళ్లం. పని లేని బాధ ఇంకా పెద్దది.

చాప్లిన్ కూడా ఏడేళ్ల వయసులో, 1896లో, తల్లితో కలిసి లండన్‌లోని బీదల గృహంలో చేరినవాడేనని సార్ చెప్పారు. ఆకలి తెలిసినవాడు కనుకనే కూలీవాణ్ని చూసి కాక, కూలీవాడితో కలిసి నవ్వించాడనిపించింది.

ఆ తర్వాత సెలవులకు పోయి అమ్మ చేతులు చూశాం. వేళ్లకు కత్తెర కాయలు. ఇన్నేళ్లూ అవి మా కంటపడలేదు. చదివి ఉద్యోగాలు చేస్తామని అందరం అంటాం. చేసిననాడు ఆ చేతుల లెక్క అడిగేవాళ్లం కూడా కావాలి.