చాలు చూస్తే తెలుస్తుంది

గోల్ఫ్ ఆటని టీవీలో చూసేవాళ్ళ కళ్ళు బంతి వెంట పోతాయి. ఐరన్ షాట్లు కాస్త నిలకడగా కొట్టాలని తంటాలు పడే నాబోటివాళ్ళు మాత్రం ముందు నేలకేసి చూస్తారు. కర్ర తగిలిన చోట పచ్చిక లేచిపోయి అరచెయ్యంత గుంట పడుతుంది. దాన్ని డివట్ అంటారు. అది బంతి ఉన్నచోటు దాటాక మొదలైందా, బంతికి వెనకే మొదలైందా, ఎంత లోతు దిగింది, ఎటు తిరిగింది, ఇవన్నీ చూస్తే దెబ్బ ఎలా పడిందో చాలావరకు చెప్పెయ్యొచ్చు.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఐరన్ అంటే చివర లోహపు పలక ఉన్న కర్ర. ఆ పలక కాస్త వెనక్కి వాలి ఉంటుంది. సెవెన్ ఐరన్‌కి ఆ వాలు ఈరోజుల్లో సుమారు 30 డిగ్రీలు. బంతి గడ్డిమీద ఉంటుంది. కొత్తగా కర్ర పట్టుకున్న ఎవరికైనా దాన్ని కిందనించి గరిటెతో తీసినట్టు పైకి లేపాలనిపిస్తుంది. కానీ లేపే పని పలక వాలు ముందే ఒప్పుకుంది. పెద్ద ఆటగాళ్ళ సెవెన్ ఐరన్ సుమారు 4 డిగ్రీల కోణంలో కిందికి దిగుతూ ముందు బంతిని, ఆ తర్వాతే మట్టిని తాకుతుంది. అంటే కర్ర తిరిగే వృత్తంలో అట్టడుగు చోటు బంతికి కొన్ని అంగుళాలు ముందుంటుంది. బంతీ పలకా అంటుకుని ఉండేది సెకనులో సుమారు 2000వ వంతు. ఆ కాస్తలోనే బంతి వెనక్కి గిర్రున తిరగడం మొదలుపెడుతుంది, నిమిషానికి దాదాపు 7000 చుట్ల లెక్కన. ఆ తిరుగుడే దాన్ని గాలిలో నిలబెడుతుంది. ఈ సంగతిని 1890లలో లెక్కలు కట్టి వివరించినవాడు ఎడిన్‌బరా ప్రొఫెసర్ పీటర్ గథ్రీ టెయిట్. ఆయన కొడుకు ఫ్రెడ్డీ టెయిట్ 1896లోనూ, 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ పోటీ గెలిచాడు. తండ్రి కాగితం మీద, కొడుకు గడ్డిమీద. వాళ్ళిద్దరికీ మాట్లాడుకోడానికి ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

నేనుండేది ఒహాయోలోని కొలంబస్‌లో. జాక్ నిక్లస్ పుట్టి పెరిగిన ఊరు కాబట్టి ఇక్కడ గోల్ఫ్ అంటే కొంచెం భక్తి ఎక్కువ. కానీ నాలుగైదు నెలలు చలి. అన్ని రోజులూ పైన హీటర్లు వేలాడే రేంజిలో, పచ్చటి మ్యాటు మీదనించే కొట్టాలి. మ్యాటు చాలా మర్యాదస్తురాలు. కర్ర బంతికి రెండంగుళాలు వెనక తగిలినా, కింద గట్టి రబ్బరు ఉంటుంది కనక జారి వెళ్ళి బంతిని తగులుతుంది. బంతి బాగానే లేస్తుంది. మనసు నిండుతుంది. మే నెలలో గడ్డి రేంజి తెరిచాక అదే ఊపు, అదే కర్ర, బంతి మాత్రం నలభై గజాలు తక్కువ పోతుంది. గడ్డికి మొహమాటం లేదు.

నాకు పాఠం చెప్పే పెద్దాయన ఒక డబ్బా రంగు తెచ్చి గడ్డిమీద తెల్లగీత కొట్టాడు. బంతి పెట్టొద్దు, గీత మీద కర్ర ఊపుతూ పో, గుంటలన్నీ గీత దాటి జెండా వైపు మొదలవ్వాలి, అంతే అన్నాడు. మొదటి పదిలో ఎనిమిది గీతకి వెనకే పడ్డాయి.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. ఆయనకి 81 ఏళ్ళు. నరసరావుపేట దగ్గర పల్లెలో ఉంటాడు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఫోను ఆవిడదే. ఊళ్ళో పెళ్ళిళ్ళు, పేచీలు అన్నీ ఆవిడ చెప్పేది, చివర్లో 'మీ నాన్నకిస్తున్నా' అనేది, ఆయన 'బాగున్నావా' అని మళ్ళీ ఆవిడకే ఇచ్చేసేవాడు. అమ్మ పోయాక ఆ ఫోను ఆయన చేతిలో మిగిలింది. మందులేసుకున్నావా, వేసుకున్నా. వాన పడిందా, పళ్ళేదు. సరే ఉంటా. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు కూడా నిండేది కాదు. ఇలాగే ఒకరోజు మిగిలినవన్నీ అయిపోతాయని నాకు భయంగా ఉండేది.

ఇక్కడ సాయంత్రం ఎనిమిదంటే అక్కడ తెల్లవారుజాము ఐదున్నర. జూన్‌లో మాకు ఆ వేళకి ఇంకా వెలుగుంటుంది. ఒకరోజు రేంజిలో ఉండగానే వీడియో కాల్ చేశాను. ఎక్కడున్నావని అడిగితే ఫోను తిప్పి ఆ తెల్లగీత, దాని పక్కన గుంటలు చూపించాను.

"ఏందిరా అది, పందులు గానీ పడ్డయ్యా?"

చెప్పాను. ఆయన ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"దగ్గరకి పెట్టు. ఇంకా కిందకి. ఇది చాలు కాదురా, గోకుడు. కర్రు దిగకముందే తేలిపోతంది. నువ్వు ఎనక్కి ఒరుగుతున్నావు."

పాఠం చెప్పే ఆయన కూడా సరిగ్గా అదే అన్నాడు. కర్ర దిగేసరికి బరువంతా ఎడమకాలి మీదకి రావాలి, చేతులు పలక కన్నా ముందుండాలి అని. నాన్న ఒకే మాటలో తేల్చేశాడు. "అడుగు ముందుకి పడకుండా చాలు ముందుకి ఎట్టా పోద్దిరా?"

నల్లరేగడిలో పాతికేళ్ళు నాగలి పట్టినవాడు. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, ఎడ్లని అమ్మేశాడు. చాలు వంకర పోయిందంటే ఎక్కడ పోయిందో, ఎందుకు పోయిందో వెనక్కి తిరిగి చూసి చెప్పగలడు. ఆ విద్య అడిగేవాళ్ళు ముప్పయ్యేళ్ళుగా లేరు.

తర్వాత ఆయనే అడగడం మొదలుపెట్టాడు. ఒకసారి, చాలు ఎడమకి తిరిగి ఉంటే బంతి కుడివైపు బయల్దేరింది ఎందుకని అడిగాడు. మంచి ప్రశ్నే. చాలాకాలం గోల్ఫ్ పాఠాలు చెప్పేవాళ్ళే కర్ర నడిచిన దారినే బంతి బయల్దేరుతుందని నమ్మారు. రాడార్ యంత్రాలు వచ్చాక తేలింది వేరు. బంతి ఎటు బయల్దేరుతుందన్నది ఎక్కువభాగం తగిలిన క్షణాన పలక ఎటు చూస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. పలక చూపుకీ కర్ర దారికీ ఎడం ఎంత ఉంటే బంతి గాలిలో అంత వంగుతుంది. చెప్తే విని, "ఎడ్లు ఒకదారి, మేడి ఒకదారి అన్నమాట" అన్నాడు. నాకు ఆ రోజు ఆ తేడా బాగా బుర్రకెక్కింది.

నిలకడ గురించి కూడా మాట్లాడుకున్నాం. మెమోరియల్ టోర్నమెంటుకి ముందు ప్రాక్టీసు రోజుల్లో పెద్ద ఆటగాళ్ళని దగ్గరనించి చూడొచ్చు. వాళ్ళు కొట్టి వెళ్ళిన చోట గుంటలు ఒకదాని వెనక ఒకటి కలిసి పొడుగాటి పట్టీల్లా ఉంటాయి, అచ్చం దున్నినట్టు. ఆ ఫోటో పంపాను. అంతటివాళ్ళూ అనుకున్న లెక్కలో గ్రీన్ చేరేది నూటికి అరవై అయిదు సార్లే అంటే నాన్న నమ్మలేదు. వాళ్ళ తప్పిన దెబ్బలు కూడా దగ్గర్లోనే పడతాయి, నిలకడంటే అదేనని చెప్పాను. "అట్టా చెప్పు. గట్టు దాటకపోతే చాలు" అన్నాడు.

మనవాళ్ళెవరన్నా ఆడతారా అన్నాడు. సాహిత్ తీగల గురించి చెప్పాను. 2023లో కాలిఫోర్నియాలో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 2024లో అట్లాంటాలో టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రోజు ఇసకగుంటలో కర్ర వెనక్కి తీస్తుంటే ఇసక తగిలినట్టు అనిపించిందని తనే అధికారులకి చెప్పాడు. రెండు స్ట్రోకుల శిక్ష వేశారు. చివరికి మూడో స్థానం వచ్చింది. ఆ రెండూ లేకపోతే రెండో స్థానంలో ఉన్నవాడితో సమానంగా ఉండేవాడు. ఆ తేడా లక్షల డాలర్లు.

"ఎవరన్నా ఫిర్యాదు చేశారా?"

"లేదు నాన్నా, తనే."

కాసేపు ఊరుకున్నాడు. "వాళ్ళ నాన్నది ఏ ఊరు?"

"హైదరాబాదు."

"ఊఁ" అన్నాడు. ఆ 'ఊఁ'లో ఆ పిల్లవాడి కన్నా తండ్రికే ఎక్కువ మార్కులు పడినట్టనిపించింది.

మా దగ్గర కోర్సులో ప్రతి బండికీ ఒక సీసా వేలాడుతుంటుంది, ఇసకా గడ్డి విత్తనాలూ కలిపి. కొట్టినవాడు తను తవ్విన గుంటని దానితో నింపి, కాలితో అణిచి కదలాలి. అది చూసిన రోజు నాన్న పెద్దగా నవ్వాడు. "దున్నటమే అనుకున్నా, ఇత్తటం గూడా ఉందా!" అమ్మ పోయాక ఆయన అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు.

ఈమధ్య మందుల మాట చివరికి జరిగిపోయింది, ఒక్కోసారి మర్చిపోయి మళ్ళీ ఫోను చేస్తున్నాను. కాలు కదపలేనప్పుడు కూడా మంచం మీదనించే, ఫోను కిందకి పెట్టమంటాడు. నిన్న గీత మీద పది ఊపులు ఊపాను. నా లెక్కలో ఆరు గీత దాటాక పడ్డాయి. నాన్న ఏడు లెక్కపెట్టాడు.