చిట్టి మందుల పద్దు

పిల్లికి ఫిట్స్ అంటే డబ్బంతా మందులకే పోతుందని చుట్టాలు అనుకుంటారు. మా చిట్టికి అన్నిటికన్నా చవక మందే. డాక్టరుగారు రాసింది ఫినోబార్బిటాల్, మనుషుల మూర్ఛకు ఎప్పటినుంచో వాడుతున్నదే. దాని బరువుకు పూటకు 30 మిల్లీగ్రాముల మాత్రలో పావు ముక్క. చేదుకి చొంగ కార్చి ఉమ్మేస్తుందని అమ్మ ఆ ముక్కను పేరిన నెయ్యిలో చుట్టి, పొద్దున ఏడుకీ రాత్రి ఏడుకీ నోట్లో పెడుతుంది. నెలకు వంద రూపాయలు కూడా కాదు.

ఖర్చు పరీక్షలది. మందు మొదలెట్టిన రెండు మూడు వారాలకు రక్తంలో ఎంత చేరిందో చూడాలి. ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు అదీ, లివర్ పరీక్షా. ఒక్కోసారికి రెండు వేల పైమాటే. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజు మళ్లీ మళ్లీ వచ్చినా అర్ధరాత్రైనా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. అలా ఒక రాత్రికి తొమ్మిది వేలు కట్టాం. మంచం కింద కాళ్లు కొట్టుకుంటుంటే దాన్ని పట్టుకోకుండా, నోటి దగ్గర చెయ్యి పెట్టకుండా, చుట్టూ దిండ్లు పేర్చి ఫోనులో టైము చూస్తూ వీడియో తీశాను. చేతులు వణికాయి గానీ డాక్టరుగారు ముందు అడిగింది ఆ వీడియోనే.

తలకు ఎమ్మారై అంటే మత్తుతో కలిపి ఇరవై వేలు దాటుతుందన్నారు. మిగతా వేళల్లో చిట్టి తిండి, నడక, ఆట అన్నీ మామూలే. "మందుకు లొంగకపోతే అప్పుడు తీయిద్దామండీ" అన్నారాయన. ఆ ఇరవై వేలూ విడిగా బ్యాంకులో వేశాను. మేం అడిగిన బీమా పాలసీలు ముందే ఉన్న జబ్బుకు డబ్బివ్వవు. ఆదాయపు పన్నులో 80డి మినహాయింపు పిల్లికి వర్తించదు. అందుకే నెలకు 1,500తో రికరింగ్ డిపాజిట్ కూడా కట్టాను.

చేతిలో డబ్బాడని నెలలో డాక్టరుగారిని అడిగి పరీక్షను వారం వెనక్కి జరుపుతాను. మందు మాత్రం ఒక్క పూట కూడా ఆపను. ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ ఇంకా ఉధృతంగా రావచ్చు. చీటీ లేనిదే షాపులో ఇవ్వరు కాబట్టి ఒక స్ట్రిప్పు ఎప్పుడూ ముందే కొని ఉంచుతాను.

డిపాజిట్ గడువు తీరగానే బైకు డౌన్ పేమెంటుకు సర్దమని తమ్ముడు అడిగాడు. వాడికి జీతంలోంచి కొంత ఇచ్చాను, ఇది ముట్టుకోలేదు. పరీక్షల రేట్లు పెరిగాయని ఈసారి నెలకు రెండు వందలు ఎక్కువ కట్టేలా మళ్లీ తెరిచాను.